రాత్రి చెమటల నోట్‌బుక్: లింఫోమా తగ్గాక 31 ఏళ్లకే మొదలైన పెరిమెనోపాజ్

నేను గైనకాలజిస్టుని. క్యాన్సర్ చికిత్స పూర్తయిన ఆడవాళ్లు నా ఓపీకి తరచుగా వస్తుంటారు. ఇక్కడ రాస్తున్నది అలా వచ్చిన ఒకామె కేసు. పెరిమెనోపాజ్ అంటే నెలసరి శాశ్వతంగా ఆగిపోయే ముందు, హార్మోన్లు ఎగుడుదిగుడయ్యే దశ. ఆమె అనుమతి తీసుకున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను, ఒకటి రెండు మార్చాను. ఈ కేసునే ఎంచుకోవడానికి కారణం ఇందులో నేను చేసిన పొరపాట్లు. రిపోర్టు నా చేతిలోనే ఉంది, జవాబు ఆ కాగితం మీదే ఉంది. నేను మాత్రం అందులో ఒక్క అంకె చూసి పక్కన పెట్టేశాను.

నేపథ్యం

ఆమెకు 26 ఏళ్ల వయసులో హాడ్జ్‌కిన్ లింఫోమా, అంటే లింఫ్ గ్రంథులకు వచ్చే ఒక రకం క్యాన్సర్ వచ్చింది. బయటపడేసరికే ముదిరిన దశ. చికిత్స వెంటనే మొదలుపెట్టాల్సి రావడంతో అండాలు దాచుకునే వ్యవధి దొరకలేదు. ఎస్కలేటెడ్ బీకాప్ అనే కీమో ఆరు సైకిళ్లు ఇచ్చారు. చివర్లో తీసిన పెట్ స్కాన్‌లో ఏమీ మిగలకపోవడంతో రేడియేషన్ అవసరం పడలేదు. ఛాతీకి రేడియేషన్ ఇచ్చి ఉంటే రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది, హార్మోన్ల గురించి మేం తర్వాత తీసుకున్న నిర్ణయం ఇంకా చిక్కుగా ఉండేది.

ఈ కీమోలో సైక్లోఫాస్ఫమైడ్, ప్రోకార్బజీన్ అని రెండు మందులుంటాయి. రెండూ ఆల్కిలేటింగ్ ఏజెంట్లు. అండాశయాన్ని ఎక్కువగా దెబ్బతీసే కీమో మందులు ఈ కోవకు చెందినవే. ఆమెకు రెండో సైకిల్ నుంచే నెలసరి ఆగిపోయింది. చికిత్స అయిపోయిన తొమ్మిది నెలలకు తిరిగి వచ్చింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఫాలోఅప్ ఫైల్లో "నెలసరి వస్తోంది" అని ఒక్క ముక్క రాశారు. ఆ విషయం అక్కడితో ముగిసిపోయింది.

నెలసరి వచ్చింది కాబట్టి అండాశయం కోలుకుందని అనుకోవడం సహజమే, కానీ అది తప్పు. ఆడపిల్ల పుట్టేటప్పటికి అండాశయాల్లో పది, ఇరవై లక్షల దాకా అండకోశాలు (ఒక్కో అండం పెరిగే చిన్న సంచులు) ఉంటాయి. ఆ తర్వాత అవి తరగడమే తప్ప పెరగడం ఉండదు. కీమో ముందుగా కొట్టేది అప్పటికి ఎదుగుతున్న అండకోశాలను. అందుకే నెలసరి వెంటనే ఆగుతుంది. నిద్రాణంగా ఉన్నవాటిలో బతికి బయటపడ్డవి కొన్ని నెలలకు ఎదగడం మొదలుపెడతాయి, నెలసరి తిరిగి వస్తుంది. అయితే ఆల్కిలేటింగ్ మందులు ఆ నిల్వను కూడా చాలావరకు తినేసి ఉంటాయి. దీపం మళ్లీ వెలిగిందని సంతోషించారే గానీ, ప్రమిదలో చమురు ఎంత మిగిలిందో ఎవరూ చూడలేదు.

ఏ బాధతో వచ్చింది

నా దగ్గరికి వచ్చేసరికి ఆమెకు 31 ఏళ్లు. చికిత్స పూర్తయి నాలుగేళ్లు దాటింది. పదిమంది ముందు నిలబడి మాట్లాడే ఉద్యోగం. కూర్చుంటూనే, "మేడమ్, నాకు అది తిరిగి వచ్చిందని నా అనుమానం. అందరూ కాదంటున్నారు. మీరు కూడా కాదంటే ఇంక ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలీదు" అంది.

ఎనిమిది నెలలుగా రాత్రిళ్లు చెమటలు పడుతున్నాయి. రెండున్నర, మూడింటి మధ్య మెలకువ వచ్చేస్తుంది. లేవగానే చెయ్యి దానంతటదే మెడ మీదికి పోతుంది, గడ్డలేమైనా తగులుతాయేమోనని. తర్వాత థర్మామీటర్ పెట్టుకుంటుంది. ఇక తెల్లారేదాకా నిద్ర ఉండదు. పగలు గుండె దడ, చిన్న మాటకే కోపం, ఆ వెంటనే ఏడుపు. పొద్దున్నే చేతివేళ్లు పట్టేసినట్టుంటాయి. మాట్లాడుతూ మాట్లాడుతూ తెలిసిన పదమే గుర్తురాక ఆగిపోతుంది. ఇంట్లో వాళ్లు ప్రేమగానే, "క్యాన్సర్‌నే తట్టుకున్నావు, ఇదెంత?" అంటున్నారట. ఆ మాట విన్న ప్రతిసారీ ఇక చెప్పుకోకూడదనిపించేదని చెప్పింది.

ఆమె భయం ఉత్తిది కాదు. రాత్రి చెమటలు, కారణం తెలియని జ్వరం, ఆరు నెలల్లో శరీర బరువులో పదో వంతుకు మించి తగ్గిపోవడం – ఈ మూడూ లింఫోమాలో మేం తప్పకుండా అడిగే లక్షణాలు. మొదటిసారి ఆమె జబ్బు బయటపడింది కూడా రాత్రి చెమటలతోనే. అదే చెమట, అదే వేళ, అదే తడిసిన దిండు. ఒకసారి చావు దాకా వెళ్లి వచ్చిన మనిషికి "టెన్షన్ పడకండి" అనడం జవాబు కాదు.

ముందు చేసినవి

నా దగ్గరికి రాకముందే మరో డాక్టరు డిప్రెషన్ అని ఎస్సిటలోప్రామ్ 10 మిల్లీగ్రాములు, నిద్రమాత్ర రాసి ఉన్నారు. మొదటి మందుతో చెమటలు కొంచెం తగ్గాయి, కానీ శారీరకమైన కోరిక పూర్తిగా పోయింది. నిద్రమాత్ర వేసుకుంటే నిద్ర పట్టేది, మూడింటికి తడిసి ముద్దై మెలకువ మాత్రం ఎప్పటిలాగే వచ్చేది. ఆ డాక్టరును తప్పుపట్టను. ఎస్సిటలోప్రామ్ వేడి ఆవిర్లను కొంత తగ్గిస్తుంది కూడా. కాకపోతే ఆవిర్లు ఎందుకొస్తున్నాయన్న ప్రశ్న అక్కడ పుట్టలేదు.

నా మొదటి నిర్ణయం: జబ్బు తిరగబెట్టిందా లేదా అన్నది ముందు తేల్చేయాలి. నాలుగేళ్లు దాటాక ఆ అవకాశం తక్కువ, ఈ లింఫోమా తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే తిరగబెడుతుంది. అయినా చెమటలున్నప్పుడు లెక్కలు చెప్పి పంపించడం సరికాదు. పైగా ఆ భయం తీరేదాకా నేను ఇంకేం చెప్పినా ఆమె చెవికెక్కదు. అంకాలజిస్టుతో ఆ రోజే మాట్లాడాను. ఆయన గ్రంథులన్నీ తడిమి చూశారు, రక్త పరీక్షలు, స్కాన్ చేయించారు. జబ్బు జాడ లేదు. థైరాయిడ్ బాగుంది, రక్తహీనత లేదు. కీమోలో గుండెను దెబ్బతీయగల డాక్సోరుబిసిన్ అనే మందు కూడా ఉంది కాబట్టి దడ విషయంలో ఈసీజీ, ఎకో కూడా చేయించాం. గుండె బాగానే ఉంది.

అదే రోజు రెండు హార్మోన్ పరీక్షలు పంపించాను: ఎఫ్‌ఎస్‌హెచ్ (మెదడు నుంచి అండాశయానికి వచ్చేది, అండాశయం నీరసిస్తే పెరుగుతుంది), ఈస్ట్రడయాల్ (ఒంట్లోని ముఖ్యమైన ఈస్ట్రోజెన్). ఎఫ్‌ఎస్‌హెచ్ 8.4 వచ్చింది. "అండాశయాలు బాగానే పనిచేస్తున్నాయి, నెలసరి కూడా వస్తోంది కదా" అని చెప్పి, తిరగబెడుతుందన్న భయం గురించి సైకాలజిస్టుని కలవమన్నాను. ఆమె తల ఊపి వెళ్లిపోయింది. ఆ ముఖంలో నాకు కనిపించింది నమ్మకం కాదు, అలసట.

నోట్‌బుక్

రెండు నెలలకు మళ్లీ వచ్చింది. ఈసారి బ్యాగులోంచి ఒక చిన్న గీతల నోట్‌బుక్ తీసి టేబుల్ మీద పెట్టింది. మొదటిసారి కూడా తెచ్చానని, చూపించడానికి మొహమాటపడ్డానని చెప్పింది. అందులో ప్రతి రాత్రికీ ఒక వరస: తేదీ, టైము, టెంపరేచర్. 36.5, 36.7, 36.4. నాలుగు నెలల అంకెలు. జ్వరం ఉందేమోనని రాసుకున్న పుస్తకం, అందులో ఒక్క రాత్రి కూడా జ్వరం లేదు.

నేనూ ముందు టెంపరేచర్ వరసే చూశాను. తర్వాత పేజీలు వెనక్కి తిప్పుతుంటే అంచుల్లో పెన్సిలుతో పెట్టిన చిన్న చుక్కలు కనిపించాయి. "ఇవేంటమ్మా?" అంటే, "పీరియడ్ వచ్చిన రోజులు మేడమ్" అంది. ఆ చుక్కల మధ్య రోజులు లెక్కపెట్టాను. 24. 33. 22. 41. ఆమెకు నెలసరి వస్తోంది, నిజమే. కానీ ఏ నెలకా నెల తేడాగా వస్తోంది. వరుసగా వచ్చే సైకిళ్ల మధ్య వారం, అంతకు మించి తేడా పదేపదే కనిపించడం పెరిమెనోపాజ్ మొదలైందనడానికి గుర్తు. ఇంకోటి, ఒకే రాత్రిలో మూడు నాలుగుసార్లు లేచినట్టు రాసిన వరసలన్నీ చుక్కకు ముందు రెండు మూడు రోజులు, తర్వాత రెండు రోజుల్లోనే గుమిగూడి ఉన్నాయి. ఈస్ట్రోజెన్ పడిపోయే రోజులవి. లింఫోమా చెమటలు నెలసరి లెక్క చూసుకుని రావు.

అప్పుడు అసలు అడగాల్సింది అడిగాను: చెమట పట్టడానికి ముందు ఏమవుతుంది? "ఛాతీ దగ్గర్నుంచి ఒక వేడి లేచి ముఖానికి ఎక్కుతుంది. రెండు మూడు నిమిషాలు. తర్వాత వణుకు, దుప్పటి కప్పుకుంటాను." పగలు కూడా వస్తుందా? "వస్తుంది. మీటింగ్‌లో వస్తే కాగితాలతో విసురుకుంటాను. అది టెన్షన్ అనుకున్నాను." వేడి ఆవిర్లు అచ్చం ఇలాగే ఉంటాయి. మెదడులో ఒంటి వేడిని అదుపు చేసే కేంద్రం ఈస్ట్రోజెన్ ఎగుడుదిగుళ్లకు అతిగా స్పందించడం మొదలుపెడుతుంది. ఒంటి వేడి రవ్వంత పెరిగినా చాలు, ఒళ్లు కాలిపోతున్నట్టు చెమటలు పట్టించి చల్లబరచాలని చూస్తుంది. ఆ వెనకాలే చలి.

మొదటి రిపోర్టు తీసి మళ్లీ చూశాను. ఎఫ్‌ఎస్‌హెచ్ పక్కనే ఈస్ట్రడయాల్ 290 అని ఉంది. నోట్‌బుక్‌తో పోలిస్తే ఆ రక్తం తీసింది సైకిల్ పన్నెండో రోజున. ఈస్ట్రోజెన్ అంత ఎక్కువగా ఉన్న రోజు అది ఎఫ్‌ఎస్‌హెచ్‌ను అణిచేస్తుంది, అంకె మామూలుగా కనిపిస్తుంది. పెరిమెనోపాజ్‌లో అండాశయం ఒక నెల బలంగా, మరో నెల నీరసంగా పనిచేస్తుంది. ఏ రోజు తీశారో తెలియకుండా ఒక్క పరీక్షతో అంతా బాగుందని చెప్పకూడదు. నేను చెప్పేశాను. ఆ మాట ఆమెతోనే ఒప్పుకున్నాను.

తర్వాతి నెలసరి మూడో రోజున రక్తం తీయించాం. ఎఫ్‌ఎస్‌హెచ్ 41, ఈస్ట్రడయాల్ 18. అండాల నిల్వను అంచనా వేసే ఏఎంహెచ్ 0.08, అంటే నిల్వ దాదాపు అడుగంటింది. నలభై ఏళ్లలోపు నాలుగు నెలలుగా నెలసరి తప్పుతూ, ఎఫ్‌ఎస్‌హెచ్ 25 దాటితే అకాల అండాశయ వైఫల్యం కింద చూడాలి. మునుపు నాలుగు వారాల ఎడంతో రెండుసార్లు ఆ అంకె రావాలనేవారు. 2024 మార్గదర్శకాలు అనుమానం లేని సందర్భాల్లో ఒక్కసారి చాలన్నాయి. రిపోర్టు చూపించి పేరు చెప్పినప్పుడు ఆమె ఏడ్చింది. కాసేపాగి, "అయితే అది కాదన్నమాట" అంది.

పిల్‌తో ఎందుకు కుదరలేదు

హార్మోన్ ఇవ్వాలనగానే ఆమె వెనక్కి తగ్గింది. "క్యాన్సర్ వచ్చినవాళ్లు హార్మోన్లు వాడకూడదు కదా?" ఈ మాట రోగులే కాదు, వైద్యులూ అంటుంటారు. అడగాల్సిన మొదటి ప్రశ్న: ఏ క్యాన్సర్? ఈస్ట్రోజెన్ మీద పెరిగే రొమ్ము క్యాన్సర్ అయితే ఆ భయం పూర్తిగా న్యాయం. రొమ్ము క్యాన్సర్ తగ్గినవాళ్లకు హార్మోన్లు ఇచ్చి చూసిన హాబిట్స్ అధ్యయనంలో జబ్బు ఎక్కువగా తిరగబెట్టడంతో 2003లో దాన్ని మధ్యలోనే ఆపేశారు. హాడ్జ్‌కిన్ లింఫోమా హార్మోన్ల మీద ఆధారపడే జబ్బు కాదు. అంకాలజిస్టు కూడా అభ్యంతరం లేదని రాసిచ్చారు. హార్మోన్ చికిత్స గురించి 2002లో అందరినీ భయపెట్టిన అమెరికా అధ్యయనం విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్‌లో ఆడవాళ్ల సగటు వయసు 63. ఆ వయసులో కొత్తగా హార్మోన్ మొదలుపెట్టడం వేరు, 31 ఏళ్ల ఒంట్లో ఉండాల్సింది లేనప్పుడు దాన్ని భర్తీ చేయడం వేరు. ఇవ్వకపోతేనే ఎముకలకు, గుండెకు నష్టం.

ఇక్కడ నా రెండో పొరపాటు. ఏ రూపంలో ఇవ్వాలన్నప్పుడు గర్భనిరోధక పిల్ ఎంచుకున్నాను. వయసు చిన్నది, నెలసరి క్రమం అవుతుంది, తోటివాళ్లు వాడే మాత్రే కాబట్టి మనసుకు కష్టంగా ఉండదు. పిల్లల గురించి అడిగితే "ఇప్పుడే కాదు" అంది. నేను అక్కడితో ఆగిపోయాను.

మూడు నెలలు వాడింది. మాత్ర వేసుకునే మూడు వారాలు బాగుండేది. మాత్ర ఆపే ఏడు రోజుల్లో ఆవిర్లు రెట్టింపై వచ్చేవి, తలనొప్పి తోడయ్యేది. సొంతంగా తయారయ్యే ఈస్ట్రోజెన్ అసలే అంతంతమాత్రంగా ఉన్న ఒంటికి నెలనెలా ఒక వారం కరువు పెట్టినట్టయింది. విరామం లేకుండా వాడిద్దామని అనుకుంటుండగానే బీపీ 116/74 నుంచి 138/92కి చేరింది, వారం తర్వాత చూసినా అంతే. పిల్‌లోని ఈస్ట్రోజెన్ కాలేయం గుండా వెళ్లి కొందరిలో బీపీని పెంచుతుంది. డాక్సోరుబిసిన్ తీసుకున్న గుండెకు ఏళ్ల తరబడి బీపీ భారం పెట్టడం నాకిష్టం లేకపోయింది. పిల్ ఆపేశాం. నాలుగు వారాల్లో బీపీ మామూలైంది.

కుదిరింది

చర్మం ద్వారా ఇచ్చే ఈస్ట్రడయాల్‌కి మారాం. కాలేయాన్ని ముందుగా తాకదు కాబట్టి బీపీ మీద, రక్తం గడ్డకట్టడం మీద ప్రభావం తక్కువ. మన ఒంట్లో తయారయ్యే హార్మోనే కూడా. గర్భసంచి ఉంది కాబట్టి దాని లోపలి పొర మితిమీరి పెరగకుండా నెలకు 12 రాత్రులు మైక్రోనైజ్డ్ ప్రొజెస్టరాన్ 200 మిల్లీగ్రాములు. దాంతో మత్తుగా ఉంటుంది, పడుకునే ముందే వేసుకోవాలి. మూడింటికి లేచే మనిషికి ఆ మత్తు మేలే చేసింది.

మొదట 50 మైక్రోగ్రాముల ప్యాచ్. చెమటకు రెండు రోజుల్లోనే అంచులు లేచిపోయేవి. అది ఊడిపోతే రాత్రి మళ్లీ ఆవిర్లు, ఆవిర్లకు చెమట, చెమటకు ప్యాచ్ ఊడటం. టేపు వేసి చూశాం, చర్మం ఎర్రబడింది. జెల్‌కి మార్చి, మోతాదు రెండు విడతల్లో పెంచాం. పెద్ద వయసు మెనోపాజ్‌కి సరిపోయే డోసు చిన్న వయసులో చాలదు, సాధారణంగా ఎక్కువే కావాలి. పూసుకుని ఆరనివ్వాలి, గంటసేపు కడగకూడదు, ఆరేదాకా ఇంకొకరి ఒంటికి తగలనివ్వకూడదు.

ఎనిమిది వారాలకు రోజుకు పది పన్నెండుసార్లు వచ్చే ఆవిర్లు ఒకటి రెండుకు తగ్గాయి. నిద్ర కుదిరాక కోపం, ఏడుపు చాలావరకు వాటంతటవే సర్దుకున్నాయి. ఎస్సిటలోప్రామ్‌ను మెల్లగా తగ్గించి ఆపేశాం. వేళ్ల నొప్పులు సగం తగ్గాయి. పదాలు గుర్తురాకపోవడం కొంత మిగిలే ఉంది. అందులో కీమో పాత్ర ఎంతో, హార్మోన్ పాత్ర ఎంతో విడదీసి చెప్పలేను, ఆమెకూ అలాగే చెప్పాను. జబ్బు తిరిగి వస్తుందన్న భయం కూడా హార్మోన్‌తో పోయేది కాదు. సైకాలజిస్టు దగ్గరికి ఈసారి తనే అడిగి వెళ్లింది. ఆవిరి మొదలవగానే మెడ తడుముకునే బదులు నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ అది దాటిపోయేదాకా ఆగడం అక్కడ సాధన చేసింది.

యోని పొడిబారడం, కలయికలో నొప్పి – ఇవి ఉన్నాయని మూడో విజిట్ దాకా నాకు తెలియదు. ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. దాంపత్యంలో దూరం పెరిగిందని, భర్త అది తన మీద అయిష్టమనుకుంటున్నాడని అప్పుడు తెలిసింది. వారానికి రెండు మూడుసార్లు వాడే మాయిశ్చరైజర్, కలయిక సమయంలో లూబ్రికెంట్, కొన్నాళ్లు తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీమ్ ఇచ్చాను. తర్వాతి విజిట్‌కి భర్తను కూడా రమ్మన్నాను. ఇందులో అయిష్టం ఏమీ లేదని నా నోటితో చెప్పడమే ఆ రోజు నేను చేసిన ముఖ్యమైన పని.

ఎముకల సాంద్రత చూస్తే వెన్నులో జెడ్ స్కోరు మైనస్ 1.6. ఈ వయసులో చూడాల్సింది అదే వయసు వాళ్లతో పోల్చే జెడ్ స్కోరే, పెద్దవాళ్లకు చూసే టీ స్కోరు కాదు. మైనస్ 2 దాటలేదు కాబట్టి ఎముకల మందులేవీ ఇవ్వలేదు. హార్మోన్, బరువులతో వ్యాయామం, తక్కువగా ఉన్న విటమిన్ డి భర్తీ. కీమోతో పాటు ఇచ్చిన స్టెరాయిడ్ల పాత్ర కూడా ఇందులో ఉండి ఉంటుంది. హార్మోన్‌ను మెనోపాజ్ మామూలుగా వచ్చే వయసు వరకు, అంటే 50 దాటేదాకా కొనసాగించాలని అనుకున్నాం. ఏటా సమీక్ష ఉంటుంది.

ఇది చదివే మరొకరి జబ్బు వేరు కావచ్చు. హార్మోన్ రిసెప్టర్ ఉన్న (అంటే హార్మోన్ మీద పెరిగే) రొమ్ము క్యాన్సర్‌కు, రొమ్ములో ఈస్ట్రోజెన్‌ను అడ్డుకునే టామోక్సిఫెన్ వాడుతున్న 31 ఏళ్ల ఆమె ఇవే బాధలతో వస్తే నేను ఈ దారిలో వెళ్లను. వెన్లాఫాక్సిన్, గాబాపెంటిన్ లాంటి హార్మోన్ కాని మందులు, కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనలను, అలవాట్లను మార్చుకునే మానసిక చికిత్స) ముందు చూస్తాను. పారోక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్ మాత్రం ఇవ్వను; టామోక్సిఫెన్ ఒంట్లో పనిచేసే రూపంలోకి మారకుండా అవి అడ్డుపడతాయి.

మిగిలిపోయినది

పిల్లల విషయం. జెల్ మొదలుపెట్టినప్పుడు, "ఇది గర్భనిరోధకం కాదు, అండం అప్పుడప్పుడు విడుదలవుతుంది, గర్భం వచ్చే అవకాశం తక్కువే కానీ సున్నా కాదు" అని చెప్పాను. అప్పుడు అడిగింది: "ఇప్పుడే కాదు అన్నాను కదా మేడమ్, ఎంతకాలం ఆగొచ్చు?" ఏఎంహెచ్ 0.08 అని చెప్పిన రోజే నేను ఆ సంగతి విడిగా కూర్చుని మాట్లాడాల్సింది. రోగనిర్ధారణ, చికిత్స, పిల్లల కబురు – మూడూ ఒకే పావుగంటలో చెప్పేశాను. మొదటిది తప్ప మిగతావి ఆమె మనసుకు అందలేదు. పైగా మూడు నెలలు అండం విడుదల కాకుండా ఆపే మాత్ర రాశాను.

ఫెర్టిలిటీ స్పెషలిస్టు దగ్గరికి భార్యాభర్తలిద్దరినీ పంపించాను. అండాశయాన్ని ప్రేరేపించి రెండుసార్లు ప్రయత్నించారు. మొదటిసారి ఒక్క అండం, రెండోసారి ఏమీ లేదు. కొన్నాళ్లు ఆగుతామన్నారు. దాత అండం గురించి ఆలోచించాలో లేదో ఇంకా తేల్చుకోలేదు, నేను తొందరపెట్టడం లేదు.

అప్పటి నుంచి కీమో తర్వాత నెలసరి తిరిగి వచ్చిందని సంతోషంగా చెప్పడానికి వచ్చిన ప్రతి అమ్మాయికీ ఆ రోజే ఏఎంహెచ్, మూడో రోజు ఎఫ్‌ఎస్‌హెచ్ రాస్తున్నాను. నెలసరి తేదీలు, ఆవిర్లు రాసుకోవడానికి ఒక కాగితం ఇస్తున్నాను. పిల్లలు కావాలని ఉంటే అంకాలజిస్టు సరేనన్నాక ఎక్కువ ఆగొద్దని, ఆ మాట కోసమే వేరే రోజు రమ్మని చెబుతున్నాను. వచ్చిన సంతోషంలో ఇదేం కబురని కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకున్నా చెబుతున్నాను.